అమ్మ గదిలో మీరు వేసిన హీటింగ్ మ్యాట్ గురించి ఫిర్యాదు

నల్లగొండ,
19-01-2026

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
హైదరాబాద్.

విషయం: 22-11-2025న మా ఇంట్లో వేసిన ఎలక్ట్రిక్ ఫ్లోర్ హీటింగ్ మ్యాట్‌లో (టైల్స్ కింద పరిచి నేలను వెచ్చబరిచే తీగల చాపలో) కరెంటు లీకేజీ – డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా,

ఈ నెల 4వ తేదీ నుంచి మీ కాల్ సెంటర్‌కు ఆరుసార్లు ఫోన్ చేశాను. ఆరుసార్లూ వేరే వేరే వాళ్ళు ఎత్తారు. ఆరుగురికీ కథ మొదటి నుంచి చెప్పాను. ఏడోసారి చెప్పే ఓపిక లేక రాసి పంపుతున్నాను.

నల్లగొండలో నేలకు హీటర్ ఎందుకండీ అని మీ వాళ్ళలో ఒకాయన నవ్వాడు. ఎందుకో చెబుతాను. మా అమ్మకు 78 ఏళ్ళు. మర్రిగూడ దగ్గరి పల్లెలో పుట్టి పెరిగింది, బతుకంతా అక్కడి బావి నీళ్ళు, బోరు నీళ్ళే తాగింది. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఏం చేస్తుందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మా ఊరి పేరే పెట్టారు. నల్లాల్లో కృష్ణా నీళ్ళు వచ్చేనాటికే అమ్మ నడుము వంగిపోయింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలంటే మాకు ఒక దుప్పటి చలి. అమ్మకు అలా కాదు. "బండ సల్లగ కొరుకుతుంది బిడ్డా" అంటూ పొద్దెక్కేదాకా మంచం దిగేది కాదు.

ఆయిల్ హీటర్ కొందామనుకున్నాం కానీ, దాని వైరు అమ్మ చేతికర్రకు అడ్డం పడుతుందని మానుకున్నాం. వేడినీళ్ళ పైపులు వేయాలంటే నేలంతా తవ్వాలి. మీ మ్యాట్ మందం నాలుగు మిల్లీమీటర్లే కాబట్టి ఉన్న షాబాదు బండల మీదే పరిచి, పైన టైల్స్ వేసుకోవచ్చన్నారు. టైల్ వేడిని బాగా పైకి పంపుతుందని కూడా చెప్పారు. అది నిజమే. గది 12 అడుగులకు 12 అడుగులు. 8 చదరపు మీటర్ల మ్యాట్, చదరపు మీటరుకు 150 వాట్ల లెక్కన 1,200 వాట్లు. మ్యాట్‌కు, నేల సరిపడా వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్‌కు 46,500 రూపాయలు, ఫిట్టింగ్‌కు 9,000 మీకు కట్టాను. టైల్స్, మేస్త్రీ కూలి 38,000 నేను పెట్టుకున్నది వేరే.

మీ కొటేషన్‌లో మ్యాట్ కింద వేసే ఇన్సులేషన్ బోర్డు ఒక లైను ఉంది. మీ సేల్స్ అబ్బాయి దాన్ని నా ముందే కొట్టేశాడు. "అది కశ్మీర్‌లో ఉండేవాళ్ళకు సార్, మనకెందుకు" అన్నాడు. డబ్బు తగ్గుతుందంటే నేనూ సరేనన్నాను. మాది కింది అంతస్తు. బండల కింద ఇసుక, దాని కింద మొరం. బోర్డు లేకపోతే వేడి పైకి వచ్చినంత కిందికీ పోతుందని అమ్మేవాడికి తెలియాలి కదా. అరగంటలో వెచ్చబడుతుందన్న నేల రెండు గంటలైనా గోరువెచ్చన దాటలేదు. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మీవాళ్ళు ఏమన్నారో తెలుసా? "మీ ఊళ్ళో చలి తక్కువ కాబట్టి తేడా తెలియదు." చలి తక్కువని బోర్డు తీసేసిందీ మీరే, చలి తక్కువ కాబట్టి వెచ్చదనం తెలియదంటున్నదీ మీరే.

సరే, అంతవరకే అయితే నా ఖర్మ అనుకుని ఊరుకునేవాణ్ణి.

డిసెంబరు 6న మొదటిసారి ఆన్ చేశాం. నెల తిరిగేసరికి కరెంటు బిల్లు 412 యూనిట్లు వచ్చింది. మామూలుగా మాకు 130 దాటదు. జనవరి 4న మా వీధి ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. అతను క్లాంప్ మీటరు పెడితే 5.2 ఆంపియర్లు ఆగకుండా లాగుతోంది. థర్మోస్టాట్ కట్ ఆఫ్ కావడమే లేదు. నేల వేడిని చూసే సెన్సర్ తీగ మ్యాట్ గీతల మధ్య, పైపులో ఉండాలి. మీ టెక్నీషియన్ దాన్ని మ్యాట్ బయట, గోడ వారన సిమెంటులో పూడ్చేశాడు. దానికి ఎప్పుడూ చల్లని నేలే కనిపిస్తుంది, ఇంకా వేడి కావాలని అడుగుతూనే ఉంటుంది.

తర్వాత అతను థర్మోస్టాట్ డబ్బా విప్పి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మ్యాట్ నుంచి వచ్చే ఎర్తు తీగను మీ మనిషి దేనికీ కలపకుండా, నల్ల టేపు చుట్టి లోపలికి నెట్టేశాడు. లైన్‌లో ఆర్‌సీసీబీ, అంటే లీకేజీ ఉంటే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్ కూడా లేదు. ఎలక్ట్రీషియన్ ఎర్తు కలిపి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టి స్విచ్ వేశాడు. టప్‌మని పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. తీగ ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూస్తే హీటింగ్ తీగకూ ఎర్తుకూ మధ్య లీకేజీ. టైల్స్ వేసేటప్పుడు తాపీ అంచు తగిలి తీగ పైతోలు తెగి ఉంటుందన్నాడు. మ్యాట్ పరిచిన రోజు మీ మనిషి మధ్యాహ్నం రెండింటికే బస్సుందని వెళ్ళిపోయాడు. తీగలు అలాగే పైకి కనిపిస్తున్నాయి, వాటిమీదే మా మేస్త్రీ రెండు రోజులు నడిచాడు. నడవకూడదని, ఇనప తాపీ వాడకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. డిసెంబరులో అమ్మ నాతో మూడు నాలుగుసార్లు అన్నది: "కాలు పెడితే జివ్వుమంటుంది బిడ్డా." పొద్దున ఏడింటికి, పనామె తడిగుడ్డ పెట్టి వెళ్ళిన తర్వాతే అనేది. అమ్మకు ఏళ్ళ తరబడి కాళ్ళ తిమ్మిర్లు ఉన్నాయి, ఫ్లోరైడ్ పెట్టిన చిచ్చే. "నీ తిమ్మిర్లేనమ్మా" అన్నాను నేను. మడమ నొప్పికి నేను ఇంట్లోనూ రబ్బరు చెప్పులతోనే తిరుగుతాను. పనామె కూడా చెప్పులతోనే తుడుస్తుంది. ఆ గదిలో ఉత్తకాళ్ళతో నడిచింది అమ్మ ఒక్కతే. నెల రోజులు ఆమె నిజం చెబుతుంటే నేను జబ్బు అనుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మీ వారంటీ కార్డు కాపీ జతచేశాను, దయచేసి కళ్ళతో చూడండి. అందులో మూడు గళ్ళున్నాయి: మ్యాట్ పరవకముందు, పరిచాక, టైల్స్ వేశాక తీసిన రెసిస్టెన్స్ రీడింగులు. మూడింట్లోనూ 44 ఓములు. 230 వోల్టులకు 1,200 వాట్ల మ్యాట్ అంటే లెక్కకు 44 ఓములే వస్తుంది, కాగితం మీద కూర్చుని కూడా రాయొచ్చు. మూడూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒకే తేదీ 22. ఆ రోజు టైల్స్ పెట్టెలు మా వరండాలో విప్పకుండా ఉన్నాయి. టైల్స్ వేసింది 24, 25 తేదీల్లో. వేయని టైల్స్ కింద రీడింగ్ ఎలా తీశాడో చెప్పమని అడుగుతున్నాను. మీ టెక్నీషియన్ సంచిలో ఒక టెస్టరు, ఒక కట్టింగ్ ప్లయరు తప్ప మల్టీమీటరు నేను చూడలేదు.

ఇక మీ ఆఖరి జవాబు, మ్యాట్ మీద అడుగు భాగం నేలకు ఆనే దివాన్ పెట్టారు కాబట్టి వారంటీ వర్తించదని. దివాన్ పెట్టిన మాట నిజమే, దాని కింద వేడి బయటికి పోక పేరుకుంటుందని ఇప్పుడు తెలిసింది. కానీ మ్యాట్ కొలతలు తీసుకున్నప్పుడు ఆ దివాన్ అక్కడే ఉంది, మీ మనిషి దాని మీదే కూర్చుని టీ తాగాడు. అయినా దివాన్ పెడితే ఎర్తు తీగ ఊడి, తనకు తానే టేపు చుట్టుకుంటుందా?

మీకు కట్టిన 55,500 తిరిగి ఇవ్వాలి. మ్యాట్ తీసి, టైల్స్ మళ్ళీ వేయించే ఖర్చు మీరే భరించాలి. ఆ కార్డు మీద రీడింగులు ఎవరు రాశారో రాతపూర్వకంగా చెప్పాలి. అదే టెక్నీషియన్ ఇంకెన్ని ఇళ్ళలో మ్యాట్లు వేశాడో, ఆ ఇళ్ళకు వెంటనే మనిషిని పంపి ఎర్తు చూపించండి. ఇది నా డబ్బు కంటే ముందు చేయాల్సిన పని. 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కేసు వేస్తాను. ఐదు లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇప్పటికే పెట్టాను.

మ్యాట్ లైను తీయించేశాను. ఆ గదికి తాళం వేశాం. అమ్మ ముందు గదిలో నులక మంచం మీద, కింద గొంగడి పరుచుకుని ఉంటోంది. మీ మనిషి వచ్చేటట్టయితే ఒక రోజు ముందు ఫోన్ చేయించండి, మా ఎలక్ట్రీషియన్‌ను కూడా ఉండమంటాను. మల్టీమీటరు, మెగ్గర్ రెండూ తెచ్చుకోమనండి.

ఇట్లు,
మీ వినియోగదారు,
నల్లగొండ.

జతపరచినవి: బిల్లు, కొటేషన్, వారంటీ కార్డు కాపీలు, డిసెంబరు కరెంటు బిల్లు, థర్మోస్టాట్ డబ్బా లోపలి ఫోటోలు నాలుగు.