మందు రాయకపోవచ్చు, మందు తెలియాలి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ గుంటూరు జిల్లా పేజీలో ఫిజియోథెరపీ విద్యార్థుల మీద వచ్చిన వార్త చదివాను. మందులు రాసే అధికారం లేనివాళ్లకు ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, దేనికన్న మాట అందులో ఉంది. అది ఇప్పటికీ మింగుడు పడటం లేదు. మందు మింగి వచ్చిన మనిషినే కదా ఫిజియో నడిపించేది?

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్లనే తీసుకోండి. 220 లోంచి వయసు తీసేసి కట్టే గుండె వేగం లెక్క వాళ్లకు పనికిరాదు. ఆ మాత్రలు గుండె వేగాన్ని అణచిపెడతాయి కాబట్టి ఎంత నడిచినా నాడి అంత పైకి పోదు. నాడి పెరగలేదు కదా అని ట్రెడ్‌మిల్ వేగం పెంచుకుంటూ పోతే మనిషి కూలబడతాడు. అక్కడ బోర్గ్ స్కేలు వాడాలి. 6 నుంచి 20 దాకా ఉండే ఆ అంకెల్లో రోగి తన శ్రమను 11, 13 మధ్య చెబితే చాలు. ఆయనకే షుగరూ ఉండి, ఇన్సులినో గ్లిమెపిరైడో వాడుతుంటే ఇంకా జాగ్రత్త కావాలి. షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఆ బీపీ మాత్ర చాటున దాగిపోతాయి. చెమట ఒక్కటే మిగులుతుంది. మే నెల గుంటూరులో ఆ చెమటను ఎవరు అనుమానిస్తారు? పైగా తొడకు ఇన్సులిన్ పొడిచిన వెంటనే సైకిల్ తొక్కిస్తే అది మామూలుకన్నా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. షుగరు 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు గట్టిగా మర్దన చేస్తే కండరం లోపల రక్తస్రావం కావచ్చు. స్టెరాయిడ్లు వాడే పెద్దవాళ్లు లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా వేసుకుంటూ మడమ వెనక నొప్పి అంటే, స్ట్రెచింగ్ ఆపి డాక్టరు దగ్గరకు పంపాలి, పిక్కను మడమకు కలిపే అకిలిస్ టెండన్ తెగే ప్రమాదముంది. మన చేతి మిషన్ కరెంటుతోనే చర్మం గుండా మందు ఎక్కించే అయాంటోఫోరెసిస్ సంగతి సరేసరి. డెక్సామెథసోన్ ఫాస్ఫేట్ నెగెటివ్ ప్యాడ్ కింద, లిగ్నోకెయిన్ పాజిటివ్ ప్యాడ్ కింద పెట్టాలి. తారుమారైతే మందు చర్మంలోకి దిగదు, రోగికి కరెంటు మంటే మిగులుతుంది.

ఇవన్నీ చెప్పాల్సిన సబ్జెక్టును చాలా కాలేజీల్లో మందుల వర్గీకరణ బట్టీకి కుదించేశారు. పరీక్ష ముందు గైడు, తర్వాత మరుపు. తనిఖీకి వచ్చే అధికారులు గదులు కొలుస్తారు, హాజరు పట్టీ తిరగేస్తారు. ఒక్క మందుల చీటీ చేతికిచ్చి, ఈ రోగికి ఈరోజు ఏ వ్యాయామం వద్దో చెప్పమని విద్యార్థిని అడగరు. డాక్టర్ల తీరూ అంతే. 'మోకాలికి ఐఎఫ్‌టీ (నొప్పికి ఇచ్చే కరెంటు చికిత్స), 10 రోజులు' అని రాసి పంపుతారు, రోగి వాడే మందుల ఊసే ఉండదు.

ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. వచ్చే ప్రాక్టికల్స్‌లో ప్రతి విద్యార్థి ముందూ ఒక అసలు మందుల చీటీ పెట్టి మార్కులు వేయమని ఆ అధికారులను కోరుతున్నాను. రిఫరల్ చీటీ అడుగున వాడుతున్న మందులు రాయమని డాక్టర్లనూ కోరుతున్నాను.

— ఒక ఫిజియోథెరపీ అధ్యాపకుడు, గుంటూరు