మైకు మూతి పక్కకు తిప్పిన మీ అందరికీ

ఆషాఢం సేల్‌లో నాకు ఏమైందో తిరుపతి గాంధీ రోడ్డులో సగం మందికి తెలుసు, మిగిలిన సగం మందికి తప్పుగా తెలుసు. గుండెపోటని కొందరు, షుగర్ డౌన్ అయిందని కొందరు, ఇంట్లో గొడవలని ఇంకొందరు అనుకున్నారు. అవేవీ కావు. శబ్దాలూ వెలుతురూ రద్దీ నా మీద మామూలుకంటే ఎక్కువ పనిచేస్తాయి, ఆ రోజు తట్టుకోలేకపోయాను. అప్పటి నుంచి నన్ను నిలబెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఎదురుగా చెప్పాలంటే నాకు గొంతు పూడుకుపోతుంది, మాట బయటికి రాదు. రాయడమైతే రాయగలను. అందుకే ఇది.

మా బట్టల షాపు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆషాఢం వస్తే గుమ్మంలో మైకు పెట్టి ఒకాయన పొద్దున్నించి రాత్రిదాకా ఆఫర్లు అరుస్తూనే ఉంటాడు. లోపల పాటలు. పైనున్న తెల్ల లైట్లు జరీ మీద పడి కళ్లలోకి కొడతాయి. కొత్త బట్టల గంజి వాసన, సెంటు వాసన, ఊదొత్తుల వాసన. బిల్లింగ్ కౌంటర్ దగ్గర నలుగురు ఒకేసారి మాట్లాడతారు, వాళ్లలో ఒకరి చంకలో బిడ్డ ఏడుస్తూ ఉంటుంది. నా పక్క సీటు వాళ్లకు ఇదంతా మామూలే. నాకు మాత్రం అందులో ఒక్కటి కూడా వినపడకుండా పోదు. చిన్నప్పటి నుంచీ ఇంతే. టపాసులకు మంచం కింద దూరేవాణ్ణి, స్వెట్టర్ గుచ్చుకుంటే ఏడ్చేవాణ్ణి, పక్కింట్లో ఎవరైనా కేకలేసుకుంటే నాకు అన్నం దిగేది కాదు. "మగపిల్లోడివి, ఇంత మెత్తగా ఉంటే ఎట్లా బతుకుతావురా" అనని చుట్టం లేడు. పెద్దయ్యాక ఏడుపు ఆగింది, తలనొప్పులు మొదలయ్యాయి.

ఆ రోజు సాయంత్రం బిల్లు కొడుతుంటే వేళ్లు వణికాయి. స్క్రీన్ మీద అంకెలు కనబడుతున్నాయి కానీ ఏమిటో అర్థం కావడం లేదు. ఒకామె చిల్లర కోసం గట్టిగా అడిగింది. అంతే, లేచి స్టాకు రూములోకి పోయి తలుపేసుకున్నాను.

మొదటి దండం చీరల సెక్షన్ అక్కకు. అక్క నా వెనకే వచ్చింది. లైటు ఆపేసింది. నీళ్ల బాటిల్ నా పక్కన పెట్టి, తను కాస్త ఎడంగా బట్టల మూట మీద కూర్చుంది. ఏమైందని అడగలేదు, వీపు నిమరలేదు, డాక్టర్‌ను పిలవమని అరవలేదు. తలుపు కొట్టిన ప్రతివాళ్లకూ "స్టాకు లెక్క చూస్తా ఉండాం, పోండి" అని చెప్పి పంపించింది. నా ఊపిరి కాస్త సర్దుకున్నాక, "ఇంటికి పోతావా, ఇంకొంచెంసేపు కూచుంటావా?" అని మాత్రం అడిగింది. అక్కా, నువ్వు ఆ వేళ ఇంకేం అడిగినా నేను ఉద్యోగం మానేసి వెళ్లిపోయేవాణ్ణి. ఈ సంగతి నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

తర్వాత పెద్దాసుపత్రిలో నన్ను చూసిన డాక్టర్ గారు, సైకాలజిస్ట్ మేడమ్. మానసిక వైద్యం అన్న బోర్డు కింద క్యూలో నిలబడాలంటే ఎంత సిగ్గుగా ఉంటుందో నిలబడినవాళ్లకే తెలుసు. తెలిసిన మొహం ఎదురైతే చెప్పడానికి ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను, తోడొచ్చానని. డాక్టర్ గారు ముందు థైరాయిడ్ పరీక్ష రాశారు. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణుకుతాయట, గుండె దడగా ఉంటుందట, కంగారు పుడుతుందట. తలనొప్పి ఒక పక్కే వస్తుందా, నిద్ర ఎట్లా పడుతోంది, ఇట్లా హఠాత్తుగా ఊపిరాడనట్టు ఇదివరకు అయిందా, తాగుతావా, బతకాలని లేదనిపించిందా, అన్నీ ఓపిగ్గా అడిగారు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ పోస్టు చదివి "నాదీ ఇదే" అని ఎవరికి వాళ్లు తేల్చేసుకోవద్దు. ఒకసారి చూపించుకోండి. నాకు రిపోర్టు మామూలుగా వచ్చింది, అప్పుడు మేడమ్ దగ్గరికి పంపారు.

మేడమ్ చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. ఇంత సున్నితంగా ఉండడం జబ్బు కాదు, స్వభావం. మానసిక వ్యాధుల జాబితాలో దీనికి చోటు లేదు, దీనికని మాత్రా లేదు. అమెరికాలో ఎలైన్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల్లో ఇట్లాంటివాళ్ల మీద పరిశోధన మొదలుపెట్టారు. భర్త ఆర్థర్ ఆరన్‌తో కలిసి 1997లో ఒక పత్రం ప్రచురించారు, అందులో 27 ప్రశ్నల కొలత ఒకటి ఉంది. పెద్ద శబ్దాలు ఇబ్బంది పెడతాయా, ఒకేసారి చాలా పనులు మీద పడితే కంగారవుతారా, కాఫీ మీ మీద ఎక్కువ పనిచేస్తుందా, ఎదుటివాళ్ల మూడ్ మీకు అంటుకుంటుందా, సంగీతం లోపలిదాకా వెళ్తుందా, ఈ తరహా ప్రశ్నలు. మేడమ్ ఒక్కొక్కటీ తెలుగులో చదువుతుంటే నా చిన్నతనమంతా ఎవరో దగ్గరుండి చూసినట్టు అనిపించింది. మొదట్లో ఐదుగురిలో ఒకరు ఇట్లా ఉంటారని అంచనా వేశారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం మనుషుల్ని మూడు గుంపులుగా చూసింది: సుమారు 30 శాతం మంది బాగా సున్నితం, 40 శాతం మధ్యరకం, మిగతావాళ్లు తక్కువ. ఆ లెక్కన మా షాపు స్టాఫ్‌లోనే ఇంకో నలుగురైదుగురు ఉండాలి. ఎవరో నాకు తెలుసు, చెప్పను.

బిడియస్తులంతా ఇట్లాంటివాళ్లని కూడా కాదట. నలుగురిలో గలగల మాట్లాడేవాళ్లలోనూ ఉంటారట. మా బావమరిదిని చూశాక ఆ మాట నమ్మాను.

నాకు బాగా పట్టుకున్న సంగతి ఇంకోటి ఉంది. సున్నితమైనవాళ్లు చెడ్డ వాతావరణంలో మిగతావాళ్లకంటే ఎక్కువ నలుగుతారు, మంచి వాతావరణం దొరికితే మిగతావాళ్లకంటే ఎక్కువ తేరుకుంటారు. మైకెల్ ప్లూస్ అనే పరిశోధకుడు ఈ రెండో సగం మీదే చాలా పనిచేశారని మేడమ్ చెప్పారు. ఆ రోజు ఇదేదో ఓదార్పు మాటలే అనుకున్నాను. మా ఓనర్ అన్న దగ్గరికి వచ్చాక తెలిసింది అందులో ఎంత నిజముందో.

లెక్క తేల్చి పంపించేస్తాడని గట్టిగా అనుకుని పోయాను. అన్న టీ తెప్పించి, "ఏం మారిస్తే నీకు బాగుంటుందబ్బా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు మరి. "ఆలోచించుకుని రేపు చెప్పు" అన్నాడు. మర్నాడు చీటీ మీద రాసుకుని పోయాను. స్పీకర్ కింద ఉన్న నా కౌంటర్‌ను గోడ వారకు జరిపించాడు. నా నెత్తిన ఉన్న తెల్ల లైటు తీయించి పసుపుది పెట్టించాడు. రోజంతా బిల్లింగ్ కాకుండా మధ్యలో స్టాకు ఎంట్రీకి పంపిస్తున్నాడు, అక్కడ నేనూ కంప్యూటరూ తప్ప ఎవరూ ఉండరు. భోజనం మాత్రం టైముకు తినాలని ఆర్డరేశాడు, ఆకలి మీదుంటే నాకు చికాకు రెట్టింపవుతుందని కనిపెట్టింది కూడా ఆయనే. వీటన్నిటికీ అయిన ఖర్చు ఒక లైటు, ఎలక్ట్రీషియన్ కూలి. నాకు దొరికింది మాత్రం రాత్రి నిద్ర.

మైకు అన్నకు కూడా. ఓనర్ చెప్పకముందే నువ్వు మైకు మూతిని రోడ్డు వైపు తిప్పావు. "ఆఫర్లు బయటోళ్లకు గదా చెప్పాల్సింది, లోపలోళ్లకు ఎందుకు" అని నవ్వేశావు. ఇన్నేళ్లుగా అది ఎవరికీ తోచకపోవడమే విచిత్రం.

మా వీధి వినాయక చవితి కుర్రాళ్ల సంగతి కూడా చెప్పాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచే నిబంధన ఉంది. నేను ఆ నిబంధన ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏం జరిగేదో మీకూ తెలుసు నాకూ తెలుసు. నాకు తలనొప్పి వస్తుందని మాత్రం చెప్పాను. మర్నాటికల్లా బాక్సులు మా ఇంటి వైపు నుంచి ఖాళీ స్థలం వైపుకు మారిపోయాయి. తమ్ముళ్లూ, వచ్చే ఏడాది చందా ఇంకాస్త ఎక్కువ రాసుకోండి.

ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్తే నవ్వుతారు, అయినా చెప్తాను. షాపు నుంచి వచ్చాక అరగంట సేపు ఎవరూ నన్ను పలకరించకూడదని మా ఆవిడ రూలు పెట్టింది. కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, మా అత్తగారి ఫోను, అన్నీ అరగంట తర్వాతే. ఈ రూలును మా పాప అందరికంటే గట్టిగా పాటిస్తుంది. గుమ్మం దగ్గర ఎవరైనా కనబడితే "నాన్న ఇంకా లోడ్ అవుతా ఉన్నాడు" అంటుంది. సాయంత్రం కాఫీ కూడా మా ఆవిడే మాన్పించింది. ఇది మాత్రం కష్టంగానే ఉంది. తిరుపతిలో ఉంటూ సాయంత్రం ఫిల్టర్ కాఫీ తాగకపోవడం ఏమిటని నాకే అనిపిస్తుంది.

పొద్దున యూనివర్సిటీ రోడ్లలో నడిచే రిటైర్డ్ మాస్టారు గారూ, మీరు ఇది చదువుతారో లేదో. చెట్ల కింద మీ పక్కన నడుస్తూ ఉంటాను, మీరు మాట్లాడరు, నన్ను మాట్లాడమనరు. గేటు దగ్గర "సరే మరి" అంటారు. నాకు రోజులో అంత హాయైన సంభాషణ ఇంకోటి లేదు.

మా బావమరిది గురించి పైన ఒక్క మాటతో సరిపెట్టాను. తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాలకు నన్ను తీసుకుపోయింది వాడే. జనమంటే భయమని నేను చాలా ఏళ్లుగా ఆ వైపే పోలేదు. వాడు మాడవీధిలో ఒక మూల, పక్కనే బయటికి సందు ఉన్న చోటు చూసి నిలబెట్టాడు. "నీకు ఎప్పుడు చాలనిపిస్తే అప్పుడు పోదాం బావా, ఒక్క మాట కూడా అడగను" అన్నాడు. మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చిన స్పాంజి ఇయర్ ప్లగ్స్ జేబులో ఉన్నాయి. వాటిని వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి పట్టుకుని పెట్టుకోవాలని చూపించింది కూడా ఆ కుర్రాడే, లేకపోతే సగమే దిగుతాయి. అవి పెట్టుకునే నిలబడ్డాను. అమ్మవారి వాహనం ముందు నాదస్వరం వినబడగానే తీసేశాను. డోలు దెబ్బ ఛాతీలో పడుతుంటే కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. మైకు అరుపుకు నలిగిపోయే ఈ చెవులే సన్నాయికి ఇంత సంతోషపడతాయి. నాతో పుట్టిన ఈ స్వభావంలో ఇది కూడా ఒక భాగమని అప్పుడు ఒప్పుకోబుద్ధి అయింది. బావమరిది చూశాడు, నవ్వలేదు, జేబురుమాలు ఇచ్చి మళ్లీ వాహనం వైపు తిరిగాడు. చాలనిపించలేదు. చివరిదాకా ఉన్నాం.

పేరు కూడా తెలియని ఒకామె ఉంది. ఒక అర్ధరాత్రి నిద్రపట్టక, ఎవర్నీ లేపలేక 14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక సహాయ నంబరు అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆమె నాతో పాటు ఊపిరి లెక్కపెట్టింది, పీల్చేదానికంటే వదిలేది నిదానంగా. అంతే చేసింది. ఇప్పటికీ కౌంటర్ దగ్గర రద్దీ పెరిగితే అదే చేస్తాను, ఎవరికీ తెలియదు.

ధ్యానం చెయ్యి, యోగా చెయ్యి, కొండ మెట్లెక్కు అని చెప్పినవాళ్లకు కూడా థాంక్స్, కొన్ని చేస్తున్నాను. "మనసు గట్టి చేసుకో" అన్నవాళ్లకు మాత్రం ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.

ఇప్పుడు అసలు కబురు. పాకాల నుంచి మా అమ్మ అనపకాయలు పంపించింది. గింజలు ఒలిచి రాత్రి నానబెడతాం, పొద్దున్నే నేనే పితుకుతాను. వేలి సందులో నుంచి తొక్క ఊడి పప్పు టప్పున గిన్నెలో పడుతుంటే నాకు గంటలు తెలియవు, ఆ పని ఇంకెవరికీ ఇవ్వను కూడా. ఆదివారం మధ్యాహ్నం పితికిపప్పు కూర, రాగి సంగటి. చీరల సెక్షన్ అక్క, ఓనర్ అన్న కుటుంబం, వీధి తమ్ముళ్లు, మాస్టారు గారు, అందరూ రావాలి. ఎంతమంది వస్తారో శనివారంలోపు మా ఆవిడకు చెప్పండి, అరగంట రూలు అయ్యాక. మైకు అన్నా, నువ్వు కూడా తప్పకుండా రా. మైకు మాత్రం షాపులోనే పెట్టి రా.