కాస్టిక్ సోడాను గ్లాసుతో కొలవొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే సబ్బు చేసుకునే పద్ధతులు పత్రికల్లో, వీడియోల్లో విరివిగా వస్తున్నాయి. అనంతపురం చుట్టుపక్కల కొందరు మహిళలు చేసి అమ్ముతున్నారు కూడా. సంతోషమే. కానీ ‘లీటరు నూనెకు గ్లాసు కాస్టిక్ సోడా’ అనే లెక్క ప్రమాదకరం.

ఏ నూనె సబ్బుగా మారడానికి ఎంత కాస్టిక్ పడుతుందో దాని లెక్క దానిదే. కిలో కొబ్బరి నూనెకు సుమారు 183 గ్రాములు పడితే, కిలో బుడ్డల (వేరుశనగ) నూనెకు 136 చాలు. కొబ్బరి నూనె లెక్కను బుడ్డల నూనెకు వాడితే 47 గ్రాముల కాస్టిక్ సబ్బులోనే మిగిలి చర్మాన్ని కాలుస్తుంది. బుడ్డల నూనె లెక్కను కొబ్బరి నూనెకు వాడితే జిడ్డు సబ్బు వస్తుంది, కొన్నాళ్లకు పాత నూనె కంపు కొడుతుంది. లీటరు నూనె కిలో తూగదు, 915 గ్రాముల దగ్గరే ఆగుతుంది. కాబట్టి గ్రాము తేడా చూపే చిన్న కాటా కొనక తప్పదు.

బుడ్డల నూనె ఒక్కటే వాడితే సబ్బు మెత్తన, నురగ తక్కువ. 700 గ్రాముల బుడ్డల నూనెకు 300 గ్రాముల కొబ్బరి నూనె కలపండి. కాస్టిక్ 95, 55 కలిసి 150 గ్రాములు. అందులో 5 శాతం తగ్గించి 142 వేయాలి. అప్పుడు కొంత నూనె మిగులుతుంది గానీ కాస్టిక్ మిగలదు. నీళ్లు 300 గ్రాములు. కాస్టిక్‌నే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఉడికి పైకి చిమ్ముతుంది. గిన్నె స్టీలుదే కావాలి, అల్యూమినియాన్ని కాస్టిక్ తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. ఒంటి మీద పడితే వెనిగర్, నిమ్మరసం రాయకుండా ధారగా పడే నీళ్ల కింద కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ముక్కలు కోశాక నాలుగు వారాలైనా ఆరనివ్వాలి.

‘నిమ్మరసం వేశాం, మా సబ్బు పీహెచ్ చర్మంతో సమానం’ అని అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె. చర్మం పీహెచ్ సుమారు 5, నూనె సబ్బుది 9 నుంచి 10. నిమ్మలోని ఆమ్లం కాస్టిక్‌లో కొంత మింగేస్తుందంతే. అయితే మన బోరు నీళ్లకు ఆ ఆమ్లంతో వేరే లాభం ఉంది. ఉప్పు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని నురగ రానీయవు, బకెట్‌కు తెల్లటి తెట్టు కడుతుంది. కిలో నూనెకు 10 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), దానికోసం అదనంగా 6 గ్రాముల కాస్టిక్ వేస్తే సోడియం సిట్రేట్ తయారై ఆ తెట్టును తగ్గిస్తుంది. సబ్బు కలిపే నీళ్లు మాత్రం బోరువి కాకుండా డిస్టిల్డ్ వాటర్ అయితే మేలు.

పసుపు వేస్తే సబ్బు ఎర్రబడటం చూసి కొందరు భయపడతారు. సున్నం కలిస్తే పారాణి ఎర్రబడినట్టే ఇదీనూ. మామూలు సబ్బులోని క్షారానికే పసుపు రంగు మారుతుంది, కాస్టిక్ ఎక్కువైందో లేదో అది చెప్పలేదు. పీహెచ్ కాగితంతో చూసి 11 దాటితే ఒంటికి వాడొద్దు.

అమ్మకానికి చేసేవాళ్లకు 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు ఉండాలి. శిక్షణ ఇచ్చేవాళ్లు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. మీ పత్రికలో ఇకమీదట సబ్బు తయారీ అచ్చు వేస్తే, ఏ నూనె ఎన్ని గ్రాములో, దానికి కాస్టిక్ ఎన్ని గ్రాములో విడివిడిగా వేయమని మనవి.

– రసాయన శాస్త్ర అధ్యాపకులు, అనంతపురం