పెళ్లి ఫొటోల ప్లాన్: అందరూ ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం.

గ్రూప్ ఫొటోలు సాయంత్రం 5 గంటలకు మొదలు. పొద్దు గుంకే ముందు వెలుగు మెత్తగా ఉంటుంది, ముఖాల మీద గట్టి నీడలు పడవు. ఒక్కో గ్రూపుకి 3 నిమిషాలనుకున్నా పది గ్రూపులకి అరగంట. అందుకే 4:45కే వచ్చేయండి.

ఎవరు ఎవరితో దిగాలో ఇక్కడే రాయండి. పెద్దవాళ్లవి ముందు తీయించేద్దాం, వాళ్లని నిలబెట్టొద్దు.

అసలు ఘట్టంలో మాత్రం ఫోన్లు పైకెత్తకండి, ప్లీజ్. మా అక్క పెళ్లి ఆల్బమ్‌లో అక్క ముఖం ఉండాల్సిన చోట ఎవరిదో నీలం ఫోన్ కవర్ ఉంది!

మెమరీ కార్డులు ఆ రాత్రే రెండుచోట్ల కాపీ చేయించే పని నాది.

లిస్టు మర్చిపోకండి, ఈ రాత్రి 9 లోపు.