కాజీపేట ఉర్సుకు వచ్చేవాళ్లు చదవండి

అందరికీ నమస్తే, సలాం. అఫ్జల్ బియాబానీ దర్గా ఉర్సు ముస్లిం క్యాలెండర్‌ల సఫర్ నెల 26, 27, 28 తేదీల్లో. ఇంగ్లిష్ తేదీ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తది, కాబట్టి నిరుటి తేదీ చూసి టికెట్లు తీయొద్దు. నెలవంక తేలినంక ఖాయం చేసుకోండి. ముస్లిం లెక్కల రోజు పొద్దుగూకంగనే మొదలైతది. సందల్ (గంధం) రాత్రి విషయంలో చానామంది తప్పేది ఇక్కడే.

మలీద ఇంటి నుంచే చేసుకొని రండి. కిలో గోధుమపిండికి ముప్పావు కిలో బెల్లం, నూటయాభై గ్రాముల నెయ్యి. రొట్టెలు మందంగా చేసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే నలపాలె. చల్లారితే అంచులు గట్టిపడి పలుకులు పలుకులుగా పంటికి తగుల్తయి. బెల్లం తురిమే కలపండి, పాకం పట్టొద్దు. తడి చేరితే తెల్లారేసరికి పులుస్తది. సద్దుల బతుకమ్మకు చేసే మలీదే ఇది, మన ఆడబిడ్డలకు చెప్పే పనే లేదు.

ఫాతెహా (ఖురాన్ చదివి చేసే దువా) అయినంకనే మలీద పంచాలె. తలమీద రుమాలో కొంగో ఉండాలె, చెప్పులు బయటే. మజార్ (సమాధి) దగ్గర చాదర్‌ను ఇద్దరు నాలుగు కొసలు పట్టుకొని మెల్లగా పరవండి, విసరొద్దు. ఊదు పొగ దగ్గర పసిపిల్లల్ని ఎక్కువసేపు ఉంచకండి.