మిషన్ అమ్మారు సరే, స్పేర్లు ఏవి?

సంపాదకులు గారికి,

మామిడి తోటలో గడ్డి కోయడానికి ఒక పెద్ద కంపెనీ బ్రష్ కట్టర్ కొన్నాను. ఇంజన్‌కు వంక పెట్టను, బాధంతా దానికి తగిలించే సామాన్లతోనే. నైలాన్ తీగ తిరిగే హెడ్ పగిలితే డీలర్ దగ్గర స్టాక్ లేదు, బయట దొరికేది బిగిద్దామంటే మర కలవదు, ఎలాగో కలిసినా అది కంపెనీది కాదు కాబట్టి వారంటీ పోతుందని వాళ్లే భయపెడతారు. మరి అసలు సరుకు ఇవ్వండయ్యా అంటే కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నంబరు ఇచ్చి ఊరుకుంటారు. ఫోన్ ఎత్తే పిల్లల తప్పేం లేదు, వాళ్ల చేతిలో ఏముంది? ఈలోగా వానలకు గడ్డి మోకాళ్లదాకా పెరిగింది. కూలీలు దొరకకే కదా మిషన్ కొన్నది!

కొన్న వస్తువుల రిపేరు, విడిభాగాల వివరాలు ఒకచోట దొరకాలని కేంద్రం 2022లో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ పెట్టింది, వ్యవసాయ పరికరాలూ అందులో ఉన్నాయి. పోర్టల్ ఒక్కటే చాలదు. సబ్సిడీ జాబితాలో కంపెనీని చేర్చే ముందే, జిల్లాకు ఒక చోటైనా విడిభాగాలు ధరల పట్టికతో సహా ఉంచాలని వ్యవసాయ శాఖ షరతు పెట్టాలి. ఇలా ఇబ్బంది పడుతున్న రైతులు బిల్లు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, నేనూ చేస్తున్నాను.

– ఒక మామిడి రైతు, నూజివీడు