వోల్టుగాడికి ఎర్త్ దొరికింది

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకుంటే తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు మామూలే, పెద్దది ఇంటర్లో చేరింది, ఎండలు తగ్గలేదు. వార్తలు అయిపోయాయి. అసలు సంగతికొస్తున్నాను, నవ్వకూడదు.

నాన్నగారి కారు. ఏడాదిన్నరలో ఫ్యూయల్ పంపు మూడుసార్లు పోయింది.

మొదటిసారి మెకానిక్ "వయసైపోయింది సార్" అంటే నమ్మాను. రెండోసారి "ఎవరో డూప్లికేట్ సరుకు వేశారు" అన్నాడు. వేసింది తనే! మూడోసారి ప్రకాశం బ్యారేజీ నట్టనడుమ ఆగింది. మంగళగిరిలో పెళ్లికి పోతున్నాం. మా ఆవిడ పట్టుచీరలో చెమటలు కక్కుతోంది, వెనక హారన్లు. ఓ పెద్దాయన స్కూటర్ ఆపి "టాంకు కింద ఒక్క తన్ను తన్నవయ్యా" అన్నాడు. తన్నాను. స్టార్టయింది! టాంకులో ఇరుక్కున్న పంపు మోటారు ఆ అదురుకి కదులుతుందట. ఇంటికొచ్చేలోపు ఇంకో నాలుగుసార్లు తన్నాను, అదీ పెళ్లికని కొన్న బూట్లతో.

ఈసారి ఆటోనగర్లో తప్పు పెట్రోలు మీదికి పోయింది. ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు, పాత బండ్లు తట్టుకోవు అన్నారు. ఉండొచ్చు. కానీ మా వీధిలో ఇంతకంటే ముసలి బండ్లు అదే బంకులో కొట్టించుకుని హాయిగా తిరుగుతున్నాయే! పైగా ఇంకోటుంది. రాత్రిపూట లైట్లు వేసుకుని బ్రేకు తొక్కితే ఇంజను ఉలిక్కిపడేది. నెలల తరబడి చూస్తూనే ఉన్నాను, బుర్రకెక్కితే కదా.

నిన్న వెనక సీటు పీకి, కింద మూత విప్పి, మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు. పంపు కనెక్టర్ దగ్గర 10.8. మధ్యలో ఎవరు తిన్నారు? పంపు నల్ల తీగకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య పెట్టి చూశాను. 2.6! సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోట.

తీగ వెంటే పోయి కార్పెట్ ఎత్తాను. డోరు వారన ఎర్త్ బోల్టు, అదే, కరెంటు బండి బాడీలోంచి బ్యాటరీకి తిరిగెళ్లే చోటు, తుప్పు పట్టి ఉంది. తీగ చివర బిగించే లగ్ కింద ఎండిన బురద. గోటితో గీకితే బిస్కెట్టులా విరిగింది. బావా, అది బుడమేరు బురద! 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో సీటు దాకా మునిగింది కదా, అప్పటిది. సీట్లు కడిగించాం, కార్పెట్లు ఎండబెట్టాం, సాంబ్రాణి కూడా వేశాం. ఆ బోల్టు జోలికి ఒక్కడూ పోలేదు. వెనక లైట్లకీ పంపుకీ ఎర్త్ అదొక్కటే. బ్రేకు లైటు వెలిగితే పంపుకి అందే ఆ కాస్తా తగ్గేది. కొత్త పంపు కుర్రది కాబట్టి కొన్నాళ్లు ఈడ్చుకొచ్చేది, తర్వాత వేడెక్కి మొరాయించేది. పోయిందనుకుని మనం ఐదువేల చిల్లర...

వద్దులే, లెక్క తీస్తే నిద్ర పట్టదు.

ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్ వేసి బిగించి, పైన గ్రీజు పూశాను. ఇప్పుడు పంపు దగ్గర 13.6. అదే పంపు! పొద్దున గుంటూరు దాకా పోయొచ్చాను. పనేం లేదు, ఊరికే.

ఇప్పుడు చెప్పక తప్పనిది. రెండో పంపు పోయినప్పుడు నువ్వు ఫోన్లో "ఎర్త్ చూశావురా?" అన్నావు. "నువ్వు నీ బ్యాంకులో సంతకాలు సరిచూసుకో" అన్నాను. అన్నాను, ఒప్పుకుంటున్నా. కానీ ల్యాబ్‌లో బల్బు సంగతి మాత్రం ఎత్తకు. ఆ రోజూ నల్ల తీగేనని నాకు తెలుసు. మాస్టారు నాకు వోల్టుగాడని పేరు పెట్టిన ముహూర్తం అలాంటిది.

తీసేసిన పాత పంపులు డిక్కీలోనే ఉన్నాయి. వాటిలో ఎన్ని బతికున్నాయో చూసి, పట్టుకెళ్లి ఆ మెకానిక్ బల్ల మీద పెట్టి ఒకే ఒక్క మాట...

కరెంటు పోయింది. ఫోన్ లైటులో రాస్తున్నాను, చార్జింగ్ నాలుగు శాతం. మిగతాది

నీ
వోల్టుగాడు